మూడు బ్యాండ్ల ఎన్‌ఫీల్డ్ కాపీ కొన్నాను, గుండు అడ్డం తిరిగి తగులుతోంది. ముందు ఏది సరిచేయాలి?

కొత్తమోజు:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు, ఇప్పుడు రాయక తప్పట్లేదు. ఈమధ్య బ్రిటిష్ సైన్యం వాడిన 1853 నమూనా ఎన్‌ఫీల్డ్‌కి ఇటలీలో చేసిన కాపీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. 39 అంగుళాల గొట్టం, దాన్ని కర్రకి పట్టి ఉంచే మూడు బ్యాండ్లు, వాల్‌నట్ కర్ర, చూస్తే ముద్దొస్తుంది. కాగితాలు సక్రమంగా ఉన్నాయి, గొట్టం మీద ప్రూఫ్ ముద్రలు ఉన్నాయి, రేంజ్‌లో పెద్దాయన ఒకరు అటూ ఇటూ తిప్పి చూసి కాల్చుకోవచ్చు అన్నాకే మొదలుపెట్టాను.

మొదలుపెట్టిన రోజే పరువు పోయింది. 50 గజాల దగ్గర పది గుళ్లు కాలిస్తే ఏడు మాత్రం కాగితం మీద పడ్డాయి, అవి కూడా చాటంత మేర చెల్లాచెదురుగా. అందులో మూడు రంధ్రాలు గుండ్రంగా లేవు, తాళంచెవి రంధ్రంలా పొడుగ్గా ఉన్నాయి, అంటే గుండు పల్టీ కొట్టుకుంటూ పోయి అడ్డంగా తగిలిందన్నమాట. ఉన్నంతలో గురి అంతా పైకే, నేను చూసిన చోటికి 8 అంగుళాల పైన. ఆరో గుండు నుంచి దట్టించే కడ్డీ రెండు చేతులతో నొక్కితేగానీ దిగలేదు. మొదట్లో రెండుసార్లు క్యాప్ (మందుకి నిప్పు అందించే చిన్న లోహపు టోపీ) పేలింది, తుపాకీ మాత్రం తుస్సుమంది. ట్రిగ్గర్ సంగతి చెప్పక్కర్లేదు, బావిలోంచి బిందె లాగినట్టుంది.

గుళ్లు నేను పోసినవి కావు, 0.575 అంగుళాల మినీ గుళ్లు, రెడీమేడ్. మందు అసలైన బ్లాక్ పౌడరే, 60 గ్రెయిన్లు (దాదాపు 4 గ్రాములు). గ్రీజు అంటే షెడ్డులో ఉన్న బేరింగ్ గ్రీజు పూశాను (నవ్వకండి).

ఒకరు గ్లాస్ బెడ్డింగ్ (గొట్టం ఊగకుండా కర్రలో రెసిన్ పోయించడం) చేయించు అంటారు, ఒకరు గొట్టం మార్చెయ్ అంటారు, ఒకరు ఇటలీ కాపీలు ఇంతే, గోడకి తగిలించుకో అంటారు. డబ్బు పెట్టడానికి సిద్ధమే, కానీ తలాతోకా లేకుండా పెట్టను. ముందు ఏది?


మసిచేతులు:

తమ్ముడూ, నవ్వలేదు గానీ బేరింగ్ గ్రీజు దగ్గర కాస్త ఆగాను. దాని సంగతి తర్వాత.

ముందు గొట్టం కొలువు. ఇంకేదీ ముట్టుకోకు. బెడ్డింగ్, ట్రిగ్గర్, సైట్ అన్నీ దాని తర్వాతే. నువ్వు చెప్పిన జబ్బులో ముప్పాతిక వంతు గుండుకీ గొట్టానికీ పొసగకపోవడమే అని చూడకుండానే చెప్పగలను.

ఈ తుపాకీ పని చేసే తీరు ఒకసారి గుర్తు చేసుకో. మూతి నుంచి దట్టించేది కాబట్టి గుండు గొట్టం కన్నా సన్నంగా ఉంటేనే దిగుతుంది. సన్నంగా ఉంటే రైఫ్లింగ్ గాడుల్ని (గొట్టం లోపల గుండుని తిప్పే మెలి గాట్లు) పట్టుకోదు. ఈ తిరకాసుకి 1849లో ఫ్రాన్స్‌లో మినీ అనే కెప్టెన్ ఒక ఉపాయం చేశాడు. గుండు అడుగున గుల్ల పెట్టాడు, అందులో చిన్న ఇనప గిన్నె. మందు పేలగానే ఆ గిన్నె లోపలికి దూసుకొచ్చి గుండు అంచుని వెడల్పు చేస్తుంది, అది గాడుల్లోకి అదుముకుని తిరుగుతూ బయటికొస్తుంది. తర్వాత అమెరికాలో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారంలో బర్టన్ అనే ఆయన ఆ గిన్నె అక్కర్లేదు, గుల్ల సరిగ్గా ఉంటే మందు ఒత్తిడే ఆ పని చేస్తుందని తేల్చాడు. నువ్వు కాల్చేది ఆ బర్టన్ బాపతు గుండే.

ఆ అంచు వెడల్పయ్యేదానికి ఒక హద్దు ఉంది. అదే అసలు కిటుకు. 0.577 అని రాసి ఉన్న కాపీల్లో నేను 0.575 నుంచి 0.580 దాకా చేత్తో కొలిచినవి చూశాను. నీది 0.580 అయ్యిందనుకో, నీ 0.575 గుండు లోపల గోలీకాయలా దొర్లుతుంది. అయిదు థౌల సందు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). అంచు అంత దూరం సాగలేక ఒకవైపు పట్టుకుని ఒకవైపు వదిలేస్తుంది, పల్టీలు కొట్టక ఏం చేస్తుంది? నీకు కావాల్సింది గొట్టం కొలత కన్నా ఒకటి, మహా అయితే రెండు థౌలు తక్కువ ఉన్న గుండు. శుభ్రంగా ఉన్న గొట్టంలో కడ్డీ బరువుకే మెల్లగా జారాలి, తలకిందులు చేస్తే మాత్రం పడిపోకూడదు.

కొలవడానికి వెర్నియర్ కాలిపర్స్ పెట్టి తంటాలు పడకు. మూడు గాడుల రైఫ్లింగ్‌లో ఒక గాడికి ఎదురుగా ఇంకో గాడి ఉండదు, మెట్ట (గాడుల మధ్య ఎత్తు) ఉంటుంది, అందుకని కాలిపర్స్ ఏదో ఒక అంకె చెప్తుంది, నువ్వు నమ్ముతావు. పిన్ గేజ్‌లు (కచ్చితమైన మందం ఉన్న ఉక్కు కడ్డీలు) అరువు తెచ్చుకో. ఒక్కో థౌ పెంచుకుంటూ మూతిలో పెట్టు, దిగిన చివరిదే నీ కొలత. లేత్ పని చేసే ఎవరి దగ్గరైనా ఉంటాయి. తుపాకీ ఖాళీగా ఉందని కడ్డీ వేసి చూసుకున్నాకే ఈ పని, చెప్పక్కర్లేదనుకుంటా. అయినా చెప్తున్నా.

ఇక గ్రీజు. పెట్రోలియం గ్రీజు బ్లాక్ పౌడర్ మసితో కలిస్తే తారులా గట్టిపడుతుంది. ఆరో గుండుకి కడ్డీ దిగకపోవడానికి కారణం అదే. తేనె మైనం, పశువుల కొవ్వు కలిపి కరిగించి వాడు. కొవ్వు వద్దనుకుంటే ఆలివ్ నూనె. ఎండాకాలం మైనం కాస్త ఎక్కువ, చలికాలం తక్కువ. గుండు పక్క గాట్లు నిండేలా పట్టించాలి.

ఆ తూటాల గ్రీజు కథ మనకి స్కూల్లో చెప్పిందే కదా. ఆవు కొవ్వు, పంది కొవ్వు, 1857. అది ఇదే తుపాకీ. నీ చేతిలో ఉన్నది దాని కాపీ. ఆ తూటా కాగితానికి గ్రీజు ఎందుకు పూశారో పాఠంలో ఎవరూ చెప్పలేదు, మొదటిసారి గ్రీజు లేకుండా నాలుగు గుళ్లు కాల్చిన రోజు నాకు అర్థమైంది. అది లేకపోతే అయిదోది దిగదు.


సీసంపిచ్చి:

పైన అన్న చెప్పినదానికి నా వాటా. రెడీమేడ్ గుళ్లు మానెయ్యి, అవి ఏ సీసంతో పోశారో నీకు తెలియదు. మినీ గుండుకి శుద్ధమైన మెత్తని సీసం తప్ప ఏదీ పనికిరాదు. కారు చక్రాల బరువుల సీసంలో యాంటిమొనీ ఉంటుంది, గట్టిది, అంచు సాగదు. గోటితో గీకి చూడు, గీత లోతుగా పడితే మెత్తనిది, గోరు జారిపోతే అది ఇంకెవరికైనా ఇచ్చెయ్.

అచ్చు కొనేటప్పుడు నీ గొట్టం కొలత కన్నా కాస్త పెద్దది తీసుకో. పెద్ద గుండుని సైజింగ్ డైలోంచి తోస్తే సన్నబడుతుంది. సన్నదాన్ని పెద్దది చేసే యంత్రం మాత్రం ఎవరూ కనిపెట్టలేదు. కొత్తవాళ్లు రివర్స్‌లో కొనుక్కుని నాకు ఫోన్ చేస్తారు.

అంచు మందం కూడా చూసుకో. పల్చటి అంచున్న గుండుకి ఎక్కువ మందు పెడితే మూతి దగ్గరికొచ్చేసరికి అంచు పువ్వులా విచ్చుకుంటుంది, గురి పోతుంది. మందపాటి అంచుకి తక్కువ మందు పెడితే అసలు తెరుచుకోదు. రెండిట్లోనూ రంధ్రం అడ్డంగానే పడుతుంది, చూసేవాడికి జబ్బు ఒకటే అనిపిస్తుంది, మందు మాత్రం వేరు (రెండర్థాల్లోనూ).

పోసేటప్పుడు సీసం బాగా వేడి మీద ఉండాలి. మినీ అచ్చులో మధ్యన గుల్ల కోసం ఒక బొడిపె ఉంటుంది, అది వేడెక్కేదాకా మొదటి పది పన్నెండు గుళ్లు ముడతలు పడి వస్తాయి, మళ్లీ పాత్రలో పడెయ్యి. ఒక్కో గుండునీ తలకిందులు చేసి గుల్ల అంచు చూడు, వెంట్రుకంత లోటు ఉన్నా పక్కన పెట్టు. ముందు వైపు మచ్చ ఉంటే పెద్దగా పట్టించుకోను, వెనక అంచు మీద మచ్చ ఉంటే క్షమించను. తర్వాత తూకం వేసి బరువుల వారీగా సర్దుకో. లోపల గాలి బుడగ ఉన్న గుండు తూకంలోనే దొరికిపోతుంది.

గాలి ఆడే చోట పొయ్యి. కరిగిన సీసం దగ్గరికి నీటిచుక్క రానివ్వకు, చెమట చుక్క కూడా. లోపల పడితే ఆవిరై మొత్తం పైకి ఎగజిమ్ముతుంది. నా మోచేతి మీద గుర్తు ఇప్పటికీ ఉంది. అయిపోయాక చేతులు సబ్బుతో కడిగేదాకా నోటి దగ్గరికి చెయ్యి వెళ్లకూడదు.


ఆకురాయి:

ఇద్దరూ చెప్పింది సబబే. నేను చెక్క, ఇనుము గురించి రాస్తాను.

గురి పైకి పోతుందన్నావు. నీ తుపాకీ తప్పు కాదది. సైన్యం తుపాకీ కదా, వెనక సైట్ మీద మొదటి గుర్తే 100 గజాలు, అక్కణ్నుంచి మెట్లు మెట్లుగా 400, తర్వాత నిచ్చెన లేపి ఇంకా పైకి. మనం 50 గజాల దగ్గర కాగితానికి చిల్లులు పెడదామని కూర్చుంటే పైకి తగలక ఏమవుతుంది? దానికితోడు కాపీల్లో ముందు సైట్ పొట్టిగా వస్తుంది.

పైకి తగులుతుంటే ముందు సైట్ ఎత్తు పెంచాలి. చాలామంది తొందరపడి ఆకురాయితో దాన్నే రుద్దేస్తారు, అప్పుడు ఇంకా పైకి పోతుంది. లెక్క తేలిక. రెండు సైట్ల మధ్య దూరాన్ని తప్పిన దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించు, అన్నీ అంగుళాల్లోనే. నీది 32 అంగుళాలు ఉందనుకుందాం. 50 గజాలంటే 1800 అంగుళాలు. 32ని 8తో గుణిస్తే 256, దాన్ని 1800తో భాగిస్తే 0.142. అంటే అంగుళంలో ఏడో వంతు ఎత్తు పెరగాలి. పాత బ్లేడ్ తీసేసి ఇంకా ఎత్తుగా ఉన్నది పెట్టించి, రేంజ్‌లో కాల్చుకుంటూ నాలుగు రుద్దులు, మూడు గుళ్లు, మళ్లీ రెండు రుద్దులు అన్నట్టు దించుకుంటూ రావాలి. రుద్దింది తిరిగి రాదు.

కానీ ఇప్పుడే చెయ్యకు! గుండు మారితే, మందు మారితే గురి కూడా మారుతుంది. అవన్నీ కుదిరాక చివర్న సైట్.

ట్రిగ్గర్ జోలికి నువ్వు పోవద్దు. లోపల సియర్ (ట్రిగ్గర్ లాగితే వదిలే కొక్కెం) కొనా, టంబ్లర్ (హ్యామర్ తోపాటు తిరిగే ముక్క) గాడీ ఒకదాన్నొకటి పట్టుకునే చోటు గోరంత కూడా ఉండదు, అక్కడ ఒక్క రుద్దు ఎక్కువైతే సగం ఎత్తిన హ్యామర్ దానంతటదే పడుతుంది. ఆ సగం ఎత్తు గాడి నమ్మకంగా పట్టుకోవాలి, క్యాప్ పెట్టేటప్పుడు నీ వేళ్లకి అదే దిక్కు. ఆ పని తెలిసిన మెకానిక్‌కి ఇవ్వు. నువ్వు చెయ్యగలిగింది ఏంటంటే, లాక్ ప్లేట్ (హ్యామర్ యంత్రం బిగించిన పక్క పలక) విప్పి లోపల ఫ్యాక్టరీ వాళ్లు పూసిన జిగురు గ్రీజు, లోహపు రజను తుడిచి పల్చటి నూనె చుక్కలు వెయ్యి. సగం బరువు దాంతోనే తగ్గొచ్చు. విప్పేటప్పుడు రెండు స్క్రూలూ పూర్తిగా తియ్యకుండా కొన్ని చుట్లు వదులు చేసి, స్క్రూ తలల మీద చెక్క పిడితో మెల్లగా తడితే ప్లేట్ సమంగా లేస్తుంది. ఒక పక్కన పట్టి పీకితే కర్ర అంచు పెచ్చు లేస్తుంది. బిగించేటప్పుడు కూడా బలం చూపించకు, లాక్ స్క్రూ మరీ బిగిస్తే ప్లేట్ లోపలికి వెళ్లి సియర్ కర్రకి రాసుకుంటుంది. అప్పుడు ట్రిగ్గర్ ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా ఉంటుంది, వర్షాకాలం మరోలా.

ఇక బెడ్డింగ్. అవసరమో కాదో తెలుసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. గొట్టం విప్పి వెనక భాగానికి దీపపు మసి పల్చగా పట్టించి, మళ్లీ కర్రలో కూర్చోబెట్టి బిగించి విప్పు. కర్ర మీద మసి ఎక్కడ అంటిందో చూడు. తోక స్క్రూ (గొట్టం వెనక కొసని కర్రకి బిగించేది) చుట్టూ, దాని వెనకా మచ్చ నిండుగా ఉంటే గొట్టం బాగా కూర్చున్నట్టు. రెండు మూడు చోట్ల చుక్కల్లా అంటితే అది ఊగుతోందన్నమాట, పేలినప్పుడల్లా కొత్త చోట కూర్చుంటుంది. అప్పుడు బెడ్డింగ్ పనికొస్తుంది. మూడు బ్యాండ్లూ కర్రని పిండేసేలా బిగించకు, గొట్టం వేడెక్కి సాగితే దానికి చోటు కావాలి.

పోటీలకి పోయే ఆలోచన ఉంటే ముందు వాళ్ల నియమాలు చదువుకో. అమెరికాలో 1950 నుంచి నార్త్ సౌత్ స్కర్మిష్ అసోసియేషన్ అని ఉంది, మట్టి కుండలూ పెంకులూ వేలాడదీసి జట్లు జట్లుగా ఇలాంటి తుపాకులతో కాలుస్తారు. అలాంటి చోట్ల తుపాకీ బయటి రూపం అసలు నమూనాలాగే ఉండాలంటారు. ముచ్చటపడి వెనకాల ఆధునిక సైట్ పెట్టావో, ఇంటికి పంపిస్తారు.


గోడతుపాకీ:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా దగ్గర అలంకారానికి అమ్మిన పాతకాలపు తుపాకీ కాపీ ఉంది, బరువుగా బాగుంది, హ్యామర్ పడుతుంది, నిప్పు లోపలికి పోయే రంధ్రం మాత్రం పెట్టలేదు. రంధ్రం పెట్టిస్తే ఇది కూడా కాలుస్తుందని అమ్మినాయన అన్నాడు. నిజమేనా?


మసిచేతులు:

వద్దు. గోడ మీదే ఉంచు.

కారణం చెప్తాను, కోపం తెచ్చుకోకు. రంధ్రం లేకుండా అమ్మారంటే అది కాల్చడానికి పరీక్ష చేసిన తుపాకీ కాదు. గొట్టం ఏ ఉక్కో, వెనక మూత ఎలా బిగించారో, అతుకు ఉందో లేదో బయటికి కనపడదు. కాల్చే తుపాకీ గొట్టాన్ని ప్రూఫ్ హౌస్‌లో మామూలు కన్నా ఎక్కువ మందు పెట్టి పేల్చి, తట్టుకుంటేనే ముద్ర కొడతారు. ఇటలీలో గార్డోనే, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్, లండన్, అలా. నీదాని మీద ఆ ముద్ర లేదు. పేలితే నీ ఎడమ చెయ్యి గొట్టం కింద ఉంటుంది, మొహం దానికి జానెడు దూరంలో ఉంటుంది. పైగా అలంకార వస్తువుని కాల్చేదిగా మార్చడం చాలా దేశాల్లో నేరం. అమ్మినాయన మాట అమ్మకం కోసం అన్న మాట. రంధ్రం ఎలా పెట్టాలన్నది ఈ దారంలో ఎవరూ రాయొద్దని కూడా మనవి.

కాల్చాలని ఉంటే ప్రూఫ్ ముద్ర ఉన్నది, లైసెన్సు కావాల్సిన చోట లైసెన్సుతో తీసుకో. లేదా రేంజ్‌లో ఎవరిదైనా అడుగు, మాలాంటి వాళ్లు కాల్చి చూపించడానికి సాకు కోసం చూస్తుంటారు.


గోడతుపాకీ:

అర్థమైంది అన్నా. గోడ మీదే ఉంటుంది. మా ఆవిడ కూడా సంతోషించింది.


కొత్తమోజు:

మూడు వారాల తర్వాత వస్తున్నాను. కొలిచాను. మా క్లబ్బులో ఒకాయన పిన్ గేజ్‌లు తెచ్చిచ్చాడు. 0.577 దిగింది, 0.578 దిగింది, 0.579 మెత్తగా వెన్నలోకి దిగినట్టు దిగింది, 0.580 మూతి దగ్గరే ఆగిపోయింది. అంటే నా గుళ్లు నాలుగు థౌలు సన్నం. మసిచేతులు అన్న చూడకుండా చెప్పింది చూసినట్టే ఉంది.

సీసంపిచ్చి గారి మాట విని పెద్ద అచ్చు, 0.578 సైజింగ్ డై తెచ్చుకున్నాను. మొదటిరోజు పోసిన వాటిలో సగం మళ్లీ పాత్రలోకే పోయాయి. మిగిలినవి బరువుల వారీగా సర్ది, మైనం కొవ్వు పట్టించి, 40 గ్రెయిన్ల దగ్గర మొదలుపెట్టి రెండేసి గ్రెయిన్లు పెంచుకుంటూ పోయాను. తయారీదారు పుస్తకంలో రాసిన గరిష్ఠం చాలా పైన ఉంది, దాని దాకా పోనే లేదు. 46 దగ్గర ముద్ద కట్టింది, అంటే గుళ్లన్నీ ఒకచోట పడ్డాయి. 50 గజాల దగ్గర అయిదు గుళ్లు, కొలిస్తే 4 అంగుళాలకి కాస్త లోపే. అన్నీ గుండ్రటి రంధ్రాలు! పదిహేనో గుండు కూడా ఒంటి చేత్తో దిగింది.

గురి ఇప్పుడు 8 కాదు, 6 అంగుళాల పైకి వస్తోంది. ఆకురాయి గారు ఆగమన్నారు కాబట్టి బ్లేడ్ ముట్టుకోలేదు, లేకపోతే ఈపాటికి రెండోసారి కొనేవాణ్ని. ట్రిగ్గర్ కూడా లాక్ శుభ్రం చేస్తే బాగా తేలికైంది, బిందె పోయి చెంబు అయ్యింది. మసి పరీక్షలో తోక వెనక మచ్చ నిండుగానే ఉంది, సో బెడ్డింగ్ ఖర్చు తప్పింది.

కానీ తుస్సుమనడం పోలేదు. ప్రతిసారీ మొదటి గుండే. తర్వాత బుద్ధిగా పేలుతుంది. ఇదేంటి?


మసిచేతులు:

శభాష్. పాత సైన్యం తూటాలో 530 గ్రెయిన్ల గుండుకి 68 గ్రెయిన్ల మందు పెట్టేవాళ్లు, వాళ్లకి వందల గజాల అవతల మనిషికి తగిలితే చాలు, మనకి కాగితం మీద ముద్ద కట్టాలి. అందుకే తక్కువ మందు దగ్గర తుపాకీ సంతోషంగా ఉండటం మామూలే.

మొదటి గుండే తుస్సుమంటుందంటే లోపల నూనె. క్రితంసారి శుభ్రం చేసి గొట్టం నిండా నూనె పట్టించి మూతి పైకి పెట్టి నిలబెట్టావు కదూ? ఆ నూనె రాత్రంతా మెల్లగా దిగి, నిపుల్ (క్యాప్ తొడిగే మొటిమ) కింద నిప్పు పోయే దారిలో కూర్చుంటుంది. మొదట మందు పోస్తే ముందు ఆ నూనెలో తడుస్తుంది. దాచేటప్పుడు మూతి కిందికి పెట్టు. రేంజ్‌కి వెళ్లాక మందు పొయ్యకముందు పొడి గుడ్డతో తుడిచి, ఉత్త క్యాప్‌లు రెండు పేల్చు. మూతిని టార్గెట్ వైపే ఉంచి నేలమీద ఒక గడ్డిపరక దగ్గరికి పెట్టి పేల్చు. పరక చివర తల ఊపిందా, దారి తెరిచి ఉన్నట్టు. కదలకుండా నిలబడిందా, దట్టించకు, నిపుల్ విప్పి సన్న తీగతో దారి చూడు. ఎన్‌ఫీల్డ్‌కి నిపుల్ దిమ్మె పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, శుభ్రం చేయడానికే అది.

తుస్సుమంటే ఏం చేస్తున్నావు? మూతి టార్గెట్ వైపే ఉంచి నిమిషం పైన ఆగు. కొన్నిసార్లు నిప్పు లోపల నానుతూ ఉండి ఆలస్యంగా పేలుతుంది. మూతిలోంచి తొంగిచూసే సాహసం చెయ్యకు, ఊదకు. కడ్డీ మీద రెండు గుర్తులు పెట్టుకో, ఖాళీ గొట్టానికి ఒకటి, గుండు మందు మీద పూర్తిగా కూర్చున్నప్పటికి ఒకటి. గుండుకీ మందుకీ మధ్య ఖాళీ ఉంటే గొట్టం అక్కడ ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. ఆ రెండో గుర్తు మూతికి పైన కనిపిస్తే గుండు ఇంకా పూర్తిగా దిగలేదన్నమాట, క్యాప్ పెట్టకు.

మందు డబ్బాలోంచి తిన్నగా మూతిలోకి పొయ్యకూడదన్న సంగతి తెలుసనుకుంటా. లోపల ఒక్క నిప్పురవ్వ మిగిలినా డబ్బా మొత్తం చేతిలో పేలుతుంది. ఇంటి దగ్గరే కొలిచి చిన్న గొట్టాల్లో పోసుకుని తీసుకెళ్లు. ఇంకోటి, ఈ తుపాకుల్లో ఆధునిక పొగరాని మందు ఎప్పటికీ, ఎంత కొంచెమైనా వద్దు. ఒత్తిడి తట్టుకోదు. (ఎవరో పక్క దారంలో బ్లాక్ పౌడర్‌ని 'నల్లమందు' అని రాశారు. బాబూ, అది అభిని. పోలీసులు చదివితే మనందరికీ పని.)


సీసంపిచ్చి:

నిపుల్ పాతదైతే మార్చెయ్. కాల్చగా కాల్చగా దాని రంధ్రం అరిగి పెద్దదవుతుంది, అప్పుడు గ్యాసు వెనక్కి తన్ని హ్యామర్‌ని పైకి లేపుతుంది, క్యాప్ ముక్కలు మొహాన పడతాయి. కళ్లద్దాలు లేకుండా కాల్చకు. కొత్తది కొనేటప్పుడు మరలు మీ తయారీదారువే తీసుకో, ఒక్కొక్కరిది ఒక్కో కొలత. చేత్తో తిరిగినంతసేపు తిరగాలి, పాన పెట్టి తిప్పాల్సి వస్తే అది నీది కాదు. మరల మీద కాస్త గ్రీజు రాయి. ఇక్కడ నీ బేరింగ్ గ్రీజు వాడుకో, పాపం ఊరికే ఉంది.


ఆకురాయి:

అయితే ఇప్పుడు సైట్ లెక్క. 32ని 6తో గుణించి 1800తో భాగిస్తే 0.107. నేను చెప్పిన 0.142కి, దీనికి తేడా చూశావా? అయితే 32 అన్నది నా ఊహ, నీ తుపాకీ మీద టేపు పెట్టి కొలిచావా?


కొత్తమోజు:

గడ్డిపరక పరీక్ష ఈ ఉదయం చేశాను. మొదటి క్యాప్‌కి కదల్లేదు. రెండోదానికి నీలంగా చిన్న పొగ వచ్చి పరక తల వంచింది. అరగంట గడ్డిలో బోర్లా పడుకుని క్యాప్‌లు పేలుస్తుంటే పక్క బెంచీ వాళ్లు నాకేమైందో అనుకున్నారు. తర్వాత పదికి పది పేలాయి.

టేపు పెట్టాను ఆకురాయి గారూ. 31న్నర. లెక్క 0.105 వస్తోంది. ఎత్తు బ్లేడ్ ఆర్డర్ పెట్టాను, అది వచ్చేదాకా టార్గెట్‌కి 6 అంగుళాల కింద ఇంకో కాగితం అంటించి దాన్ని చూసి కాలుస్తున్నాను. 100 గజాల దగ్గర ఇంకా పెట్టలేదు. అక్కడ ఒక్కో గుండు వెళ్లడానికి పట్టే టైమ్‌లో టెన్షన్ ఎలా తట్టుకుంటారో ఎవరైనా చెప్పండి.


ఆకురాయి:

పొగ పోయేదాకా నీకేమీ కనపడదు, టెన్షన్ దానంతటదే తగ్గుతుంది. బ్లేడ్ వచ్చాక రుద్దే ముందు ఒక ఫొటో పెట్టు.